వీపు మడతల పటం

"హాల్వర్సన్, దీనికోసం నువ్వు కంపెనీ మొత్తాన్నీ అడిగావా?" అన్నాడు కర్నల్ ట్రెడ్‌వెల్, తెరమీద వెలుగుతున్న పటంకేసి చూస్తూ.

"అవును సర్."

"పాపం, ఎందుకంత శ్రమ? మెట్ల పక్కన నోటీసు బోర్డులో ఇదే బొమ్మ అద్దం బిగించి పెట్టారుగా. ఫోటో తీసుకొచ్చినా సరిపోయేది."

తరగతిలో అందరూ నవ్వారు. సిగ్నీ హాల్వర్సన్ మాత్రం పటాన్నే చూస్తూ నిలబడింది. పైన కంపెనీ అనే క్యాడెట్ల దళానికి కమాండర్, అతని కింద నలుగురు ప్లటూన్ నాయకులు, వాళ్ల కింద స్క్వాడ్ నాయకులు, అట్టడుగున మొదటి ఏడాది పిల్లలు. కొలిచి గీసినట్టు ఒక్క గీత కూడా పక్కకు పోలేదు. కర్నల్ అన్నది నిజమే. అచ్చు నోటీసు బోర్డే.

హడ్సన్ ఒడ్డున ఉన్న ఆ సైనిక అకాడమీలో ఫిబ్రవరి నెల మనుషుల్ని పీల్చి పిప్పి చేస్తుంది. ఆకాశం బూడిదరంగు, రాతిగోడలు బూడిదరంగు, ఒంటిమీద యూనిఫాం కూడా బూడిదరంగే. ఆ రోజు సిగ్నీ మొహం కూడా అదే రంగుకు తిరిగింది. ఎందుకు తిరగదు? కంపెనీలో ఎవరికి ఎవరున్నారో పటం గీసే ఈ ఆఖరి ఏడాది ప్రాజెక్టు పోతే ఆమె చదువు పోయినట్టే. మొదటి ఏడాది లెక్కల్లో తప్పింది. వేసవిలో మళ్లీ రాసి గట్టెక్కింది. రెండో ఏడాది సంభావ్యతలో మళ్లీ తప్పింది. ఈసారి చదువుల బోర్డు ఆమెను ఒక ఏడాది వెనక్కి నెట్టి, ఇంకొక్కసారి తప్పితే ఇంటికేనని మొహమ్మీదే చెప్పేసింది. అలా తనతో చేరినవాళ్లంతా లెఫ్టినెంట్లయి వెళ్లిపోతే, తనకంటే చిన్నవాళ్ల మధ్య, కొత్త కంపెనీలో, పాత చుట్టంలా మిగిలింది. రెండుసార్లూ ఆమెను తప్పించింది ఈ ట్రెడ్‌వెల్ దొరగారే, ఈ ప్రాజెక్టుకు మార్కు వేసేదీ ఆయనే.

మరి అంత భయమున్న మనిషి బుద్ధిగా చరిత్ర చదువుకుని బయటపడొచ్చుగా! అబ్బే, చరిత్ర పక్కన ఉపవిషయంగా నెట్‌వర్క్ సైన్స్ తీసుకుంది. అందులో లెక్కలుంటాయి, కంప్యూటర్లుంటాయి, సమాజశాస్త్రం ఉంటుంది. చీమలబారు దగ్గర్నుంచి కరెంటు తీగల దాకా ఎవరు ఎవరితో ముడిపడ్డారో చుక్కలూ గీతలుగా గీసి, ఏ చుక్క తీసేస్తే ఏది కూలుతుందో చెప్పే చదువది. మూడు శాఖలవాళ్లు కలిసి చెబుతారు, మూడు వైపులనుంచీ వాయిస్తారు. ఇది కొరివితో తల గోక్కోవడమేనని అందరూ అన్నారు.

సిగ్నీకి ఆ కొరివి మీద మోజు పుట్టింది చరిత్ర తరగతిలోనే. ఏ యుద్ధం చదివినా ఆమెకు ఒకటే అనుమానం. సేనాపతి ఉత్తర్వు గుర్రమ్మీద వచ్చేలోపలే వంటవాళ్లకు సంగతి ఎలా తెలిసిపోతుంది? ఆ తెలియడానికి దారేది? పుస్తకాల్లో ఎవరూ చెప్పలేదు. ఈ చదువులో ఆ దారిని గీయొచ్చని తెలిసిన రోజు ఆమెకు అన్నం సయించలేదు, సంతోషంతో.

ఉత్తర డకోటాలో బీట్‌దుంపలు పండించే తండ్రికి మాత్రం ఈ గొడవ ఎక్కలేదు. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా అతను వాతావరణం గురించి చెప్పి, ఆఖర్న ఒకే మాట అనేవాడు.

"సరేనమ్మా, ఏం బెంగపెట్టుకోకు. కుదరకపోతే వచ్చెయ్. దుంపల లారీలో డ్రైవరు సీటు నీదే."

ఓదార్పుగానే అనేవాడు. ఆమెకు మాత్రం ఆ మాట గుండెల్లో ములుకులా దిగేది. తను ఓడిపోతుందని తండ్రి ముందే అనుకుని, సీటు తుడిచి పెట్టాడని అనుకునేది.

తరగతి అయ్యాక కర్నల్ ఆమెను ఆపాడు.

"నువ్వు వాళ్లని ఏమని అడిగావు?"

"కష్టమొస్తే ఎవరి దగ్గరికి వెళతారని అడిగాను సర్."

"నాలుగో ఏడాది క్యాడెట్ వెళ్లి మొదటి ఏడాదివాణ్ణి ఆ మాటడిగితే వాడేం చేస్తాడు?"

సిగ్నీకి అప్పుడు వెలిగింది. ఏం చేస్తాడు, గోడకు వీపు ఆనించి, గడ్డం లోపలికి లాక్కుని, బట్టీపట్టింది అప్పజెబుతాడు. అవును మ్యామ్, కాదు మ్యామ్, సాకు లేదు మ్యామ్, అర్థం కాలేదు మ్యామ్. ఈ నాలుగూ తప్ప వాడికి వేరే జవాబు లేదు. ఇంకా గుచ్చి అడిగితే పై అధికారుల వరస మొత్తం గుక్క తిప్పుకోకుండా చదువుతాడు. ఆ వరసే వాడి చేత చేరిన మొదటి నెలలో నమిలించి మింగించారు. ఆమె కూడా ఒకప్పుడు అలా మింగినదే. అయినా మర్చిపోయింది.

"నువ్వడిగింది వాడి మనసుని కాదు, వాడి బట్టీని," అన్నాడు కర్నల్. "ఎవడూ బట్టీపట్టని ప్రశ్న వెతుక్కో. ఈసారి వేసవిలో మళ్లీ రాసే వీలు లేదు, గుర్తుంచుకో."

ఎవడూ బట్టీపట్టని ప్రశ్న! అకాడమీలో అలాంటిది ఉంటుందా? అక్కడ పాలడబ్బాలో ఎన్ని పాలున్నాయో కూడా జవాబు బట్టీపట్టాలి. సిగ్నీ వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంది. ఏ ప్రశ్న వేసినా దానికి జవాబు ఏదో ఒక పుస్తకంలో తయారుగా ఉంది.

జవాబు చివరికి ఒక శనివారం పొద్దున, తనిఖీకి ముందు, ఆమె కళ్లముందే దొరికింది.

తనిఖీ అంటే చొక్కా ఒంటికి అట్టలా అతుక్కోవాలి. ముందువైపు ఎవరికి వారే సర్దుకోవచ్చు. వెనకవైపు కుదరదు. ఇంకొకరు వెనక నిలబడి, వదులుగా ఉన్న గుడ్డను రెండు పక్కలకూ లాగి, మడిచి, బెల్టు కిందకు గట్టిగా దోపాలి. దోపేటప్పుడు ముందున్నవాడు ఊపిరి బిగబట్టాలి. దీన్ని వీపు మడత అనుకోండి. ఎంత గొప్ప క్యాడెట్‌కైనా తన వీపు తనకందదు. అందుకని ఆ పది నిమిషాలూ వసారా అంతా ఒకళ్లకొకళ్లు వీపులు చూపిస్తూనే ఉంటారు.

సిగ్నీకి మాత్రం ఆ అవసరం లేదు. ఆమె గదిలో ఉండే అమ్మాయి ఈత జట్టులో ఉంది, పొద్దున్నే కొలనుకి పోతుంది. వెనక్కి నెట్టబడ్డ మనిషి కదా, కొత్త కంపెనీలో ఎవర్నీ అడగడానికి మొహం చెల్లలేదు. అందుకని బీరువా పిడికి చొక్కా అంచు తగిలించి, పక్కకు తిరిగి, తనే మడత పెట్టుకోవడం నేర్చుకుంది. బాగానే కుదిరేది. ఎవరూ కనిపెట్టలేదనే ఆమె నమ్మకం.

ఆ శనివారం ఆమె మడత పెట్టుకుని బయటికొచ్చేసరికి వసారాలో కంపెనీ కమాండర్ హాలోవే, క్విగ్లీ అనేవాడికి చీవాట్లు పెడుతున్నాడు. హాలోవే అంటే ఆ ఏడాది మొత్తానికీ మెరిక. చదువులో మొదటివాడు, పరుగులో మొదటివాడు. క్విగ్లీ అంటే శిక్షల పుట్ట. శనివారం మధ్యాహ్నం తుపాకీ భుజాన వేసుకుని ఆవరణలో అటూ ఇటూ నడిచే శిక్ష ఎవరికి పడ్డా, అక్కడ ముందుగా క్విగ్లీ ఉండేవాడు.

"మళ్లీ బూట్లు మెరవలేదు. ఇంకో నాలుగు గంటలు నడువు," అన్నాడు హాలోవే.

"అలాగే. నడిచీ నడిచీ బూట్లే అరిగిపోతున్నాయి, ఇంకెక్కడ మెరుస్తాయి?" అన్నాడు క్విగ్లీ.

హాలోవే నవ్వు ఆపుకుని గడియారం చూసుకున్నాడు. చూసుకుని, చటుక్కున వెనక్కి తిరిగి క్విగ్లీకి వీపు చూపించాడు.

"కాస్త పెట్టవయ్యా, టైమవుతోంది."

క్విగ్లీ కమాండరుగారి చొక్కా లాగి, మడిచి, దోపి, వీపుమీద ఒక్కటి చరిచాడు.

సిగ్నీ గుమ్మంలోనే ఆగిపోయింది. శిక్ష వేసినవాడు, ఆ శిక్ష పడ్డవాడికే వీపు అప్పజెప్పాడు. ఇది ఏ నోటీసు బోర్డులో ఉంది? ఆమె కళ్లు వసారా పొడుగునా పరిగెత్తాయి. పై అంతస్తు పిల్ల కింది అంతస్తువాడికి, సంగీతం బృందంవాడు బాక్సింగువాడికి, ఒకరికొకరు వీపులిస్తున్నారు. నోటీసు బోర్డు గీతలన్నీ నిలువుగా పోతే, ఇవి అడ్డదిడ్డంగా, వంకరటింకరగా పోతున్నాయి.

ఆ సోమవారంనుంచి ఆమె అందర్నీ ఒకే మాట అడిగింది. "పోయిన వారం నీ వీపు మడత ఎవరు పెట్టారు?"

మొదటి ఏడాదివాళ్లు అలవాటుగా గోడకంటుకున్నారు. నోరు తెరిచి, వెతుక్కుని, బట్టీలో ఏమీ దొరక్క కళ్లు మిటకరించారు. తర్వాత ఒక్కొక్కరే చిన్నగా నవ్వి నిజం చెప్పారు. కొంతమందైతే అడగనిది కూడా చెప్పారు.

పటం గీయడం వరకూ బాగానే ఉంది. దాన్ని లెక్కకట్టడం ఉందే, అక్కడ ఏడిపించింది. ఏ చుక్కగుండా ఎన్ని దారులు పోతున్నాయో తేల్చాలంటే, తనను రెండుసార్లు ముంచిన లెక్కలే మళ్లీ ముందుకొచ్చి కూర్చున్నాయి. కానీ ఈసారి ఆ అంకెలకు మొహాలున్నాయి. ఇది హాలోవే, ఇది పై అంతస్తు రోవేనా, ఇది బాక్సింగు కుర్రాడు. మొహాలుండేసరికి అంకెలు ఆమె మాట విన్నాయి. తప్పింది, మళ్లీ చేసింది, మళ్లీ తప్పింది, ఇంకా చేసింది. తేలినప్పుడు మాత్రం కుర్చీలోంచి లేచి గదంతా తిరిగింది. కంపెనీ నడుమ, అన్ని దారులూ కలిసేచోట, ఒకే చుక్క ఉంది. క్విగ్లీ.

కర్నల్ ఆ నడుమ చుక్కమీద వేలు పెట్టాడు.

"క్విగ్లీయా? ఆ శిక్షల క్విగ్లీయేనా?"

"అవును సర్. శిక్షకు అన్ని ప్లటూన్లవాళ్లూ వస్తారు. వరసలో నిలబడే ముందు అందరికీ మడతలు పెట్టేది అతనే. అందుకని అతనికి తెలియని మనిషి లేడు."

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటావు. బావుంది. కానీ ఇల్లలకగానే పండగ కాదు. జరిగిపోయింది ఎవరైనా గీస్తారు. జరగబోయేది చెప్పు, అప్పుడు నమ్ముతాను."

"ఒక కబురు అతని చెవిలో వేసి చూద్దాం సర్. కంపెనీ అంతా పాకుతుంది."

"అబద్ధపు కబురా?" కర్నల్ కళ్లజోడు పైనుంచి చూశాడు. అకాడమీలో అబద్ధమాడడం లెక్కల్లో తప్పడం లాంటిది కాదు, ఆ సాయంత్రమే పెట్టె సర్దుకోవాలి.

"కాదు సర్. నిజం కబురే కావాలి. అదే వెతుకుతున్నాను."

కర్నల్ ముక్కు గోక్కున్నాడు. "మా ఆవిడ దాల్చినచెక్క బన్నులు చేస్తుంది," అన్నాడు.

పందెం అలా కుదిరింది. మిసెస్ ట్రెడ్‌వెల్ బన్నులు చేసి, సగం లెక్కల భవనంలో పెట్టాలి, సగం ఇంటి వెనక వరండాలో పెట్టాలి. భవనం సంగతి కర్నల్ హాలోవేకు చెబుతాడు. వరండా సంగతి క్విగ్లీకి చెబుతాడు. ఎవరికీ చెప్పొద్దనడు, చెప్పమనీ అనడు.

"ఇంకొకటి కూడా చెప్తాను సర్," అంది సిగ్నీ. "వరండాకి ముందొచ్చేది క్విగ్లీ ప్లటూన్‌వాళ్లు కాదు. పై అంతస్తువాళ్లు, రోవేనాతో కలిసి."

"చెప్పినట్టు జరక్కపోతే?"

"ఈ పటం నోటీసు బోర్డు కంటే మెరుగు కాదని ఒప్పుకుంటాను సర్." ఆ మాట అనేటప్పుడు ఆమెకు దుంపల లారీ సీటు కళ్లకు కట్టింది.

గురువారం సాయంత్రం వరండాలో బన్నుల పళ్లేల పక్కన సిగ్నీ నిలబడింది. మిసెస్ ట్రెడ్‌వెల్ తలుపు దగ్గర కుర్చీ వేసుకుంది. దారిమీద ఎవరూ లేరు. నదిమీంచి చలిగాలి కొడుతోంది. సిగ్నీ కళ్లు దారి మలుపు మీదే ఉన్నాయి.

"ఏమ్మా, అలా బిగుసుకుపోయావు? ఎవరూ రాకపోతే మనిద్దరం తినేద్దాం," అందావిడ.

అప్పుడు మలుపు తిరిగి ఆరుగురు క్యాడెట్లు పరుగులాంటి నడకతో వచ్చారు. ముందున్నది రోవేనా. సిగ్నీ రెయిలింగు పట్టుకుంది. వాళ్ల వెనక సంగీతం బృందం, వాళ్ల వెనక బాక్సింగువాళ్లు. ఆ తర్వాత మొదటి ఏడాదివాళ్లు మాట్లాడకుండా, పిడికిళ్లు బిగించి, సైనికుల్లా కవాతు చేస్తూ బన్నులకోసం వచ్చారు. వరస వరండా దాటి, తోట దాటి, పక్కింటి కంచెదాకా పోయింది. ఉన్న బన్నులు చాలవని తేలగానే మొదటి ఏడాదివాడొకడు ముందుకొచ్చి, చాకు తీసుకుని, ఒక్కో బన్నునీ గీసినట్టు సమానంగా నాలుగు ముక్కలు చేయడం మొదలుపెట్టాడు. భోజనబల్ల దగ్గర రోజూ కేకు కోసేది వాళ్లే కదా, ముక్క కాస్త పెద్దదైతే తిట్లు తినేదీ వాళ్లే.

కాసేపటికి కర్నల్ లెక్కల భవనంనుంచి నడిచొచ్చాడు. చేతిలో బన్నుల పళ్లెం నిండుగా అలాగే ఉంది. పక్కన హాలోవే, ఇంకో ముగ్గురు.

"కంపెనీ ఫోన్ గ్రూపులో పెట్టాను సర్," అంటున్నాడు హాలోవే దిగులుగా. "రెండుసార్లు పెట్టాను."

"ఆ గ్రూపు నోరు అందరం నొక్కి మ్యూట్‌లో పెట్టాంలే కమాండర్‌గారూ," అన్నాడు వరసలోంచి క్విగ్లీ, నోటినిండా బన్నుతో. "రోజుకి పాతిక ఉత్తర్వులు పెడితే ఎవడు చదువుతాడు?"

హాలోవే కూడా నవ్వేశాడు. కర్నల్ తన పళ్లెం తీసుకెళ్లి వరండాలో పెట్టి, సిగ్నీ వైపు తిరిగి తల ఒక్కసారి ఊపాడు. ఇన్నేళ్లుగా ఆ తల అడ్డంగా ఊగడమే చూసిందామె. నిలువుగా ఊగడం ఇదే మొదలు.

ప్రాజెక్టుల రోజున అకాడమీలో తరగతులుండవు. ఎవరి పని వాళ్లు అందరిముందూ చెప్పుకోవాలి. సిగ్నీ చెప్పే హాల్లో కంపెనీ సగం వచ్చి కూర్చుంది, బన్నుల కథ వినడానికి. ఆమె తడబడకుండా చెప్పింది. లెక్కలు అడిగితే లెక్కలు చెప్పింది, బోర్డుమీద చేసి చూపించింది. చప్పట్లు కొట్టబోతుంటే కర్నల్ చెయ్యెత్తాడు.

"ఒక ప్రశ్న. ఇందులో నువ్వెక్కడ?"

"నేను పటం గీసినదాన్ని సర్. అందులో లేను."

"గీసినవాళ్లకు వీపుండదా? నీ మడత ఎవరు పెడతారు?"

ఏదో ఒక పేరు చెప్పేస్తే అయిపోతుంది. కానీ అక్కడ అబద్ధమాడరు.

"బీరువా పిడి సర్," అంది సిగ్నీ.

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కంపెనీలో ఎవరికి ఎవరున్నారో ఊరందరికీ చెప్పింది. తనకెవరూ లేరన్నది కూడా ఇవాళ అందరికీ తెలిసింది. దీపం కింద చీకటంటే ఇదే.

కర్నల్ గొంతు కాస్త తగ్గించాడు. "పనంతా బాగుంది. కానీ ఒక మనిషి తప్పిపోయిన పటానికి నేను మార్కు వెయ్యను. ఆ చుక్క ఎక్కడుంటే అక్కడ పెట్టి, రేపు పొద్దున్నే తెచ్చివ్వు."

ఆ సాయంత్రం ఆమె తన చుక్కను పటం అంచున పెట్టింది. ఒక్క గీత కూడా లేదు. నిజం అదే కాబట్టి అలాగే ఉంచింది. పాసవుతానని తెలుసు. అయినా ఆ చుక్కను చూస్తే ఏడుపొచ్చింది, కాసేపు ఏడ్చింది.

మర్నాడు పొద్దున బీరువా పిడికి చొక్కా అంచు తగిలిస్తుండగా తలుపు తట్టారు. తీస్తే క్విగ్లీ.

"ఆ పిడిని వదిలెయ్యవమ్మా, పాపం దానికీ సెలవు కావాలి. అటు తిరుగు."

"నేను పెట్టుకోగలను క్విగ్లీ."

"పెట్టుకోగలవులే, నువ్వు ఈ కంపెనీకి వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాంగా. పిడి పెట్టిన మడత ఎడమవైపు వంకరగా ఉంటుంది. చెబితే బాధపడతావని ఎవరం చెప్పలేదు. తిరుగు."

ఆమె తిరిగింది. ఊపిరి బిగబట్టింది. క్విగ్లీ లాగి, మడిచి, దోపి, వీపుమీద ఒక్కటి చరిచాడు. అతను పక్కకు తప్పుకోగానే రోవేనా ముందుకొచ్చి తన వీపు చూపించింది. "నాకు నువ్వే పెట్టాలి. నీ పటం వల్ల నేను తిండిపోతునని కర్నల్‌గారికి తెలిసిపోయింది." రోవేనా వెనక బాక్సింగు కుర్రాడు, ఆ వెనక తొందరపడుతూ హాలోవే. వసారాలో వరస కట్టారు. సిగ్నీ వేళ్లు నొప్పెట్టేదాకా మడతలు పెట్టింది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని గీతలు గీసింది. అంచున ఉన్న చుక్క గీతలకొద్దీ లోపలికి జరిగింది.

కర్నల్ కొత్త పటం చూశాడు, ఆమె వీపు చూశాడు.

"మడత తిన్నగా ఉంది," అన్నాడు. మార్కు వేసిన కాగితం ఇచ్చాడు. ఆ హాల్లో ఆ ఏడాది అంతకంటే పెద్ద మార్కు ఎవరికీ రాలేదు.

సిగ్నీ మెట్లమీదే నిలబడి ఇంటికి ఫోన్ చేసింది. అవతల ట్రాక్టరు చప్పుడు.

"నాన్నా, లారీకి వేరే డ్రైవరుని చూసుకో. నేను రావడం లేదు. లెఫ్టినెంటునవుతున్నాను."

ట్రాక్టరు చప్పుడు ఆగిపోయింది.

"డ్రైవరుని నువ్వు ఆ చదువు తీసుకున్న రోజే పెట్టేశానమ్మా," అన్నాడు తండ్రి. "నీకు చెప్పలేదంతే."